ఈగ

వరద తీసి నాలుగు నెలలైంది.
గోడ మీద ఒండ్రు గీత ఇంకా నా భుజం ఎత్తునే ఉంది.
అటక మీద గోనెసంచిలో మూడు తుపాకులు.
పైనుంచి వాన, కిందనుంచి గోదారి,
తడిసి, ఆరి, మళ్ళీ తడిసి
ఒకదాన్నొకటి పట్టుకుని తుప్పు పట్టాయి.

మాఘమాసం దగ్గరకొచ్చేసింది.
అంతర్వేది తీర్థంలో మా బల్లకి చోటు
ఇంకా నాన్న పేరు మీదే:
నూకరాజు, బుడగల కొట్టు.
నాన్న లేడు. చోటుంది.

చాప మీద పాత పేపరు, సత్తు పళ్ళెంలో కిరసనాయిలు.
"ఊడదీసిన వరసలోనే పెట్టమ్మా,
తిరిగొచ్చేదారి అదే చెబుతుంది" అనేవాడు.
పెట్టాను. చీల, మర, కర్ర, మీట,
తర్వాత స్ప్రింగు.
దాన్ని ఒడిలో అదిమిపట్టి మెల్లిగా వదలాలి.
ఒకసారి నాన్న చేతిలోంచి ఎగిరి
అమ్మ అప్పుడే కలిపిన ఆవకాయ జాడీని పగలగొట్టింది.
ఆ ఏడాదంతా మజ్జిగలో ఉప్పే నంజుకున్నాం.

తోలు వాషరు ఎండురొయ్యలా ముడుచుకుపోయింది.
ఆముదంలో వేసి మూత పెట్టాను.

సైకిలు పుల్లకి లుంగీ పీలిక చుట్టి
గొట్టంలోకి దోశాను.
మొదటిసారి ఎర్రగా వచ్చింది, అచ్చం వరదనీళ్ళే.
తర్వాత టీ రంగు.
ఏడోసారికి, మిరియం గింజంత గుండ్రంలో
మా కిటికీ, కిటికీలో సఖినేటిపల్లి రేవు,
రేవులో పంటు, పంటు మీద స్కూటరు,
వెనక సీటు మీద ఎవరో గొడుగేసుకుని.
ఇంత లోకం ఇందులో పడుతుందని
ఇన్నేళ్ళూ నాకు తెలీదు.

మూడోదాంట్లోంచి నిరుటి సీసం గుండు ఊడిపడింది.
ఎవడో పది రూపాయలిచ్చి పేల్చిందే.
గురి తప్పిందనుకుని
తలొంచుకుని పోయుంటాడు పాపం.
అది అసలు బయటికే రాలేదు.

ఇక ఈగ.
గొట్టం కొసన గురికోసం ఉండే బుల్లి మొనని
నాన్న అలాగే పిలిచేవాడు.
మా ఈగలన్నీ ఎడమకి వాలుంటాయి, నువ్వుగింజంత.
ఆ సంగతి నాన్న నాకెప్పుడూ చెప్పలేదు.
నాకు తెలుసని మాత్రం తెలుసు.
వరసగా మూడు బుడగలు కొడితే ప్లాస్టిక్ మగ్గు;
ఊరంతా మగ్గులు పట్టుకుపోతే
మా మగ్గులోకి నీళ్ళెక్కడివి?

మూడోదాని ఈగని తుప్పు తినేసింది.
రాజోలు రేడియో కుర్రాడు కొత్తది అతికించాడు.
నిక్కచ్చిగా నిలబెట్టాడు,
పెళ్ళిచూపులకి కూర్చున్నవాడిలా.

వెనక నుంచి ముందుకి బిగించుకుంటూ వచ్చాను.
చివరికి ఒక మర మిగిలింది.
నాన్నకీ ఎప్పుడూ ఒకటి మిగిలేది;
వాటికంటూ ఒక అగ్గిపెట్టె ఉంది, గలగలమంటుంది.
అందులో వేశాను.

ఒండ్రు గీత మీద పచ్చబుడగ అంటించి
పేల్చాను.
ఫట్‌మంది.
నా జన్మలో మొదటిసారి, మా తుపాకీతో, మొదటి గుండుకే.
వీరబాబు ఎగిరెగిరి చప్పట్లు కొడుతున్నాడు.
నా గుండె జారిపోయింది.

ఎంత వంచాలి?
నాన్న కొలత ఏ పుస్తకంలోనూ లేదు.
ఎక్కువైతే జనానికి అనుమానం,
తక్కువైతే మాకు పస్తు.
చిన్న సుత్తి తీసుకున్నాను, కింద పెట్టాను,
ఆముదం గిన్నె మూత తీసి చూశాను, మళ్ళీ వేశాను,
మళ్ళీ తీసుకున్నాను.
ఒక్క దెబ్బ. ఎడమకి.

"ఇప్పుడు నువ్వు కొట్టరా."
వాడు ఒక కన్ను మూసి, నాలిక బయటపెట్టి,
ఊపిరి కూడా బిగబట్టి పేల్చాడు.
బుడగ పక్కన గోడ పెచ్చు రాలింది.
"సరిగ్గానే పెట్టానే అమ్మా!"

"నీ తప్పు కాదురా, గోదారి గాలి" అన్నాను.
నాన్న గొంతే నా నోట్లోంచి వచ్చింది.

వాడు కిటికీ వైపు చూశాడు.
రేవులో పంటు పొగ
నిటారుగా లేస్తోంది.